పశ్చాత్తాపం ఎవరిది? సింగరేణి గని జీవితం నేపథ్యంలో ‘వగపు లేని బతుకు’ భావన: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

మనిషి చివరిదశలో వగచే విషయాలను జాబితాగా కూర్చి, వాటి నుంచి బతుకు పాఠాలు చెప్పే రచనలు ఇటీవల తెలుగు పాఠకులకు బాగా చేరువయ్యాయి. పశ్చాత్తాపం వ్యక్తి ఎంపికల నుంచి పుడుతుందనే ఊహ మీద ఈ రచనలన్నీ నిలబడి ఉన్నాయి. రామగుండం, గోదావరిఖని ప్రాంతపు బొగ్గుగని జీవితాన్ని ఎదురుగా పెట్టి ఈ ఊహను పరీక్షించడం ఈ వ్యాసం ఉద్దేశం. పశ్చాత్తాపాన్ని సూచించే తెలుగు పదాలు, అలంకారశాస్త్రంలో ఆ భావానికి ఉన్న స్థానం, గని పనిని నడిపించే చట్టాలు, వారసత్వ ఉద్యోగ వ్యవస్థ, గని ప్రమాదాల అనంతర స్థితి, సాహిత్యంలోనూ సినిమాలోనూ ఈ భావం పొందిన రూపం ఇందులో పరిశీలితమయ్యాయి. తప్పు, నష్టం, అన్యాయం అనే మూడింటిని ఒకే పేరుతో పిలవడం వల్ల బాధితుడే తనను తాను నిందించుకునే స్థితి వస్తుందని, వాటిని విడదీసి చూడటమే తక్కువ వగపుతో బతకడానికి తొలిమెట్టు అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పశ్చాత్తాపం, మనాది, సింగరేణి, గోదావరిఖని, వారసత్వ ఉద్యోగం, సంచారిభావాలు, వ్యక్తిత్వ వికాస సాహిత్యం.

1. ఉపోద్ఘాతం

ఆస్ట్రేలియాకు చెందిన బ్రానీ వేర్ మరణానికి చేరువైన రోగులకు వారి ఇళ్లలో సేవలందించిన మహిళ. ఆ రోగులు తనతో పంచుకున్న మాటల ఆధారంగా ఆమె రాసిన చిన్న వ్యాసం మొదట అంతర్జాలంలోనూ, తరువాత పుస్తకంగానూ ప్రపంచమంతా తిరిగింది. అందులోని ఐదు పశ్చాత్తాపాలు నేడు దాదాపు సామెతలయ్యాయి. ఇతరులు కోరినట్లు కాక నాకు నచ్చినట్లు బతికే ధైర్యం ఉండాల్సింది. అంతగా పనిలో మునిగిపోకుండా ఉండాల్సింది. మనసులోని మాట చెప్పే ధైర్యం ఉండాల్సింది. స్నేహితులతో సంబంధం నిలుపుకోవాల్సింది. నన్ను నేను సంతోషంగా ఉండనివ్వాల్సింది. తెలుగు పత్రికల ఆదివారం అనుబంధాల్లో, వ్యక్తిత్వ వికాస ప్రసంగాల్లో, కళాశాలల ప్రేరణ తరగతుల్లో ఈ ఐదూ ఏదో ఒక రూపంలో వినిపిస్తూనే ఉన్నాయి.

ఈ జాబితాలో అబద్ధమేమీ లేదు. ఒక సేవిక విన్న మాటలుగా అవి విలువైనవే. అయితే విన్న మాటలు ఉపదేశంగా మారినప్పుడు విమర్శకు పని పడుతుంది. ఎవరి నోటి మాట ఎవరికి సూత్రమవుతున్నది? ఆ సూత్రం కింద ఏ సామాజికస్థితి దాగి ఉంది? ఈ ప్రశ్నలకు సింగరేణి ప్రాంతం గట్టి పరీక్షాస్థలం. ఇక్కడ ‘అంత పని చేయకుండా ఉండాల్సింది’ అనే వాక్యానికి అర్థం చెప్పాలంటే మనిషి మనసుతోపాటు మస్టరు పుస్తకాన్నీ, వేతన చట్టాన్నీ చదవాలి.

2. పదాలు - భావం

‘పశ్చాత్’, ‘తాపం’ అనే రెండు సంస్కృత పదాల కలయిక పశ్చాత్తాపం. తరువాత పుట్టే వేడి అని దాని అర్థం. పని ముగిసిన తరువాతనే ఈ భావం పుడుతుందనే కాలక్రమం పదంలోనే ఉంది. అనుతాపం, పరితాపం దీనికి దగ్గరి మాటలు. అచ్చతెలుగులో ‘వగపు’ ఉంది. వగచడంలో దుఃఖమూ చింతా రెండూ కలిసి ఉంటాయి. తప్పు చేశాననే ఒప్పుకోలు అందులో తప్పనిసరి కాదు.

తెలంగాణ వ్యవహారంలో ఈ భావక్షేత్రం మరింత సూక్ష్మంగా విభజితమై ఉంది. ‘రంది’ అంటే లోలోపల మెలిపెట్టే దిగులు. ‘మనాది’ అంటే మనసులో పాతుకుపోయి మనిషిని తినేసే బెంగ. ఆ బెంగతోనే మనిషి పోయాడని చెప్పడానికి ‘మనాదితోటి సచ్చిపోయిండు’ అంటారు. ‘గోస’ అంటే పైవాళ్లు పెట్టినదో, పరిస్థితి తెచ్చినదో అయిన బాధ. ఈ మూడు మాటల్లో దేనిలోనూ ‘నేను తప్పు చేశాను’ అనే అర్థం అంతర్భాగం కాదు. తనవల్ల కలిగిన బాధను, తనకు కలిగిన బాధను ఈ భాష వేరుగా పిలుస్తున్నది. ఇవన్నీ ‘పశ్చాత్తాపం’ అనే ఒక్క గ్రాంథిక పదంలోకి చేరినప్పుడు ఆ వేర్పాటు చెరిగిపోతుంది. ఈ వ్యాసంలోని వాదానికి ఇదే భాషాపరమైన ఆధారం.

అలంకారశాస్త్రం వైపు చూసినా ఇటువంటి విషయమే కనిపిస్తుంది. భరతుడు చెప్పిన 33 సంచారిభావాల్లో పశ్చాత్తాపం పేరుతో ప్రత్యేక భావం లేదు. అందులోని అంశాలు స్మృతి, చింత, విషాదం, నిర్వేదం, వితర్కం వంటి వాటిలో పంచుకుని ఉన్నాయి. జరిగినది గుర్తుకు రావడం స్మృతి. దాన్ని పట్టుకుని వేలాడటం చింత. చేయగలిగింది లేదని కుంగడం విషాదం. అన్నిటి మీదా విరక్తి నిర్వేదం. ఇలా కాక మరెలా జరిగి ఉండేదని తర్కించడం వితర్కం. అంటే పశ్చాత్తాపం ఒకే భావం కాదు, అది ఒక ప్రయాణం. అది ఏ భావం దగ్గర ఆగుతుందన్నదే దాని ఫలితాన్ని నిర్ణయిస్తుంది. మమ్మటుడు నిర్వేదాన్ని శాంతరసానికి స్థాయిగా చెప్పాడు. వ్యక్తిత్వ వికాస రచనలు పాఠకుణ్ణి ఈ మార్గంలోనే నడిపిస్తాయి: వగపు నుంచి విరక్తికి, విరక్తి నుంచి ప్రశాంతతకు. దారిలో వితర్కానికి చోటు తక్కువ.

3. జాబితా మీద విమర్శ

మరణశయ్య మీది వగపు మనకు కొత్త కాదు. రామాయణంలో దశరథుడు రాముడు అడవికి వెళ్లిన తరువాత, ప్రాణం పోయే రాత్రి, కౌసల్యకు తన యౌవనంలోని ఒక చర్య చెబుతాడు. సరయూతీరంలో చీకట్లో నీటి చప్పుడు విని, ఏనుగు అనుకుని బాణం వేసి మునికుమారుణ్ణి చంపిన ఘట్టమది. అందులో వగపుకు స్పష్టమైన కర్త ఉన్నాడు. విల్లు ఆయనదే, వేట ఆయన సరదా, చూడకుండా వేయడం ఆయన నైపుణ్య గర్వం. కాబట్టి అక్కడ పశ్చాత్తాపం అనే మాట పూర్తిగా అతుకుతుంది.

ఆధునిక జాబితాలు అందరినీ దశరథుడి స్థానంలో నిలబెడతాయి. బాణం ఎవరు వేశారన్నది అడగవు. వేర్ రచన శాస్త్రీయ పరిశోధన కాదు. ఆమె కూడా దాన్ని తన అనుభవంగానే చెప్పుకున్నారు. ఆమె విన్నవారు ఇంటివద్ద సేవ పొందగలిగిన రోగులు. పనిలో మునిగిపోయామన్న వగపు తాను సేవచేసిన పురుషులందరి నోటా వచ్చిందని ఆమె రాశారు. పని తగ్గించుకునే వీలు ఒకనాడు ఉండి, దాన్ని వాడుకోనివారి నోట ఆ మాట సహజం.

మనోవిజ్ఞానం ఈ చర్చకు ఒక మెరుగైన పరిశీలనను అందించింది. థామస్ గిలోవిచ్, విక్టోరియా మెడ్వెక్ 1990ల మధ్యలో ప్రచురించిన పరిశోధనల ప్రకారం, దగ్గరి కాలంలో మనిషి చేసిన పనులకు ఎక్కువగా బాధపడతాడు. జీవితాన్ని దూరం నుంచి చూసినప్పుడు చేయని పనులే ఎక్కువగా బాధిస్తాయి. ‘భయపడకుండా చేసేయండి’ అనే ప్రేరణ ప్రసంగాలకు ఈ ఫలితం ఊతమిచ్చింది. కాని చేయకపోవడంలో రెండు రకాలున్నాయి. వీలుండీ చేయకపోవడం ఒకటి, వీలే లేకపోవడం మరొకటి. ఉదాహరణకు, 1952 గనుల చట్టంలోని 46వ సెక్షన్ స్త్రీలు భూగర్భంలో పనిచేయడాన్ని నిషేధించింది. సాంకేతిక, పర్యవేక్షక, నిర్వహణ ఉద్యోగాల్లో, పగటివేళ, వారి సమ్మతితో పనిచేసే వీలును కేంద్ర ప్రభుత్వం 2019లో కల్పించింది. అంతకుముందు గని ఇంజనీరుగా భూగర్భంలో పనిచేయాలనుకుని చేయలేకపోయిన స్త్రీకి మిగిలిన వెలితిని ‘ధైర్యం చేయకపోవడం’ అనే గడిలో వేయడం పొరపాటు. అక్కడ లేనిది ధైర్యం కాదు, అనుమతి.

4. ‘అంత పని చేయకుండా ఉండాల్సింది’

ఇల్లందు ప్రాంతంలో 1871లో బొగ్గు కనుగొన్నారు. 1886లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ తవ్వకపు హక్కులు పొందింది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. నేడు దానిలో 51 శాతం వాటా తెలంగాణ ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. గోదావరి ఒడ్డున గనుల చుట్టూ పెరిగిన ఊరికి గోదావరిఖని అన్న పేరే వచ్చింది. తత్సమమైన ‘ఖని’ ఊరి పేరులో నిలిచింది. తద్భవమైన ‘గని’ పత్రికల్లో ఉంది. కార్మికుడి నోట మాత్రం అది ‘బాయి’. పొలానికి నీరిచ్చిన బావి పేరే బొగ్గు తవ్వే లోతుకూ వచ్చింది. పల్లె వదిలినవాడు పల్లె మాటను వెంట తెచ్చుకున్నాడు.

బాయి పనిలో పనిదినం ఇష్టానికి సంబంధించిన విషయం కాదు. భూగర్భంలో రోజుకు 8 గంటలకు మించి పనిచేయించరాదని 2025 దాకా అమలులో ఉన్న గనుల చట్టం చెప్పింది. అదే చట్టం కింద భూగర్భ కార్మికుడికి సంవత్సరంలో 190 హాజరులు నిండితేనే వేతనంతో కూడిన వార్షిక సెలవుకు అర్హత ఉండేది; ప్రతి 15 పనిదినాలకు ఒక రోజు చొప్పున ఆ సెలవు లెక్కకు వచ్చేది. చట్టం మనిషి కాలాన్ని రక్షించింది, కొలిచింది కూడా. కార్మికవాడల్లో ‘నాగా’, ‘మస్టరు’ అనే రెండు మాటలు ఇంటిల్లిపాదికీ తెలిసినవి కావడానికి కారణం ఇదే. నాగా పెట్టడమంటే ఆ రోజు కూలి పోవడమే కాదు, మస్టర్లు తగ్గితే కొలువే పోయే పరిస్థితి.

2025 దాకా అమలులో ఉన్న వేతన చెల్లింపు చట్టంలో మరో నిబంధన ఉండేది. పదిమంది లేదా అంతకు మించినవారు ముందస్తు నోటీసు లేకుండా కలిసికట్టుగా పనికి రాకపోతే, 8 రోజుల వేతనం దాకా కోత పెట్టవచ్చని అది చెప్పింది. ఈ కోతకు వ్యతిరేకంగా 1981లో సింగరేణి కార్మికులు 56 రోజులు సమ్మె చేశారు. సింగరేణి కార్మిక సమాఖ్య పుట్టుకకు ఆ సమ్మె నేపథ్యమైంది. ఒక రోజు పనిమానడానికి ఎనిమిది రోజుల ధర కట్టిన చోట ‘పని తగ్గించుకుని ఉండాల్సింది’ అనే వగపు వ్యక్తిగత తాత్వికత కాలేదు; అది బేరసారాల విషయమైంది. ఆ 56 రోజుల్లో కార్మికులు తమ కాలం మీద తమకున్న హక్కును గురించి మాట్లాడారు. మరణశయ్య మీద మెల్లగా అనాల్సిన మాటను నడివయసులో, గుంపుగా, గేటు ముందు అన్నారు. తక్కువ వగపుతో బతకడానికి సంఘటిత చర్య కూడా ఒక మార్గమన్న విషయం వ్యక్తిత్వ వికాస సాహిత్యంలో దాదాపు కనిపించదు.

ఇక్కడ మరొక చిక్కు ఉంది. ‘ఎక్కువ పని’ అనేది ఎవరి కోసం అన్న ప్రశ్న. తన పిల్లలు బాయి దిగకూడదని బాయిలో ఓవర్‌టైం చేసిన తండ్రికి ఆ పని వగపుగా మిగలాలా, తృప్తిగా మిగలాలా? పిల్లల బాల్యాన్ని దగ్గరుండి చూడలేదన్న వెలితి, ఆ పిల్లలు చదువుకున్నారన్న తృప్తి ఒకే మనిషిలో ఒకే సమయంలో ఉంటాయి. జాబితాలోని ఒకే వాక్యం ఈ రెండింటినీ మోయలేదు.

5. వారసత్వ ఉద్యోగం: ‘నాకు నచ్చిన బతుకు’ అనే కొలమానం

1990ల ఆరంభంలో లక్షకు పైబడిన సింగరేణి ఉద్యోగుల సంఖ్య నేడు సుమారు 40 వేలకు తగ్గింది. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్ కాస్టులు విస్తరించాయి. మనుషుల స్థానంలో యంత్రాలు వచ్చాయి. ఉన్న కొలువు ఇంట్లోనే నిలవాలన్న ఆకాంక్ష ఈ తగ్గుదలతో మరింత తీవ్రమైంది. తెలంగాణ ఏర్పడ్డాక 2016లో ప్రకటించిన వారసత్వ ఉద్యోగాల పథకాన్ని ఉమ్మడి హైకోర్టు 2017లో కొట్టివేసింది. అందరికీ సమాన అవకాశం అనే రాజ్యాంగ సూత్రం ఆ వివాదానికి కేంద్రం. తరువాత, వైద్యకారణాలతో పనికి అనర్హులైన ఉద్యోగుల వారసులకు కారుణ్య నియామకాలు అనే మార్గం ముందుకు వచ్చింది. కాలనీల వాడుకలో దీన్ని ‘అన్‌ఫిట్’ అని ఒక్క మాటలో చెబుతారు.

న్యాయపరమైన చర్చను పక్కన పెట్టి, ఈ వ్యవస్థ నిర్మాణాన్ని ఒక పాఠంగా చదవవచ్చు. తండ్రి శరీరం పనికిరాదని వైద్యమండలి తేల్చినప్పుడు కొడుకు చేతికి పని వస్తుంది. ఒకరి నష్టం మరొకరి అవకాశం. రెండూ ఒకే ఇంట్లో, ఒకే కాగితం మీద. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఆ కొలువు ఎవరికన్నది మరో ప్రశ్న. తీసుకున్నవాడు వదిలేసిన చదువు గురించి, తీసుకోనివాడు చేజారిన కొలువు గురించి, ఇచ్చినవాడు తన తీర్పు గురించి చింతించే వీలు ఆ ఏర్పాటులోనే ఉంది. ఎవరు ఏది ఎంచుకున్నా ఏదో ఒక వగపు మిగులుతుంది. వగపు ఇక్కడ ఒకరి స్వభావదోషం వల్ల పుట్టలేదు. ఒకే కొలువు ఉండటం వల్ల పుట్టింది.

‘ఇతరులు కోరినట్లు కాక నాకు నచ్చినట్లు’ అనే మొదటి పశ్చాత్తాపం ఈ సందర్భంలో పట్టు కోల్పోతుంది. ఆ వాక్యంలో కొలమానం ‘నేను’. కొలువు దగ్గర కార్మిక కుటుంబం వాడే కొలమానం ‘మా బతుకులు’ అనే బహువచనం. బహువచనంలో బతికిన మనిషిని ఏకవచనంలో ప్రశ్నిస్తే అతని జీవితమంతా త్యాగంగానో, పిరికితనంగానో మాత్రమే కనిపిస్తుంది. ఈ బహువచనాన్ని ఆదర్శంగా చిత్రించడం కూడా సరికాదు. కూతుళ్ల ఇష్టాయిష్టాలు, చిన్నకొడుకు కలలు అందులో ఎన్నిసార్లు అణగిపోతాయో పరిశోధకులు అడగాల్సిందే. అయితే ఆ ప్రశ్న ‘ధైర్యం ఎందుకు చేయలేదు’ అని కాక, ‘ఇంట్లో ఎవరి మాట చెల్లింది’ అని ఉండాలి.

6. మిగిలినవాడి వగపు

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీరు ముంచుకొచ్చి 17 మంది కార్మికులు మరణించారు. ఇటువంటి ప్రమాదం తరువాత వగపు చనిపోయినవారి ఇళ్ల దగ్గరే ఆగదు. ఆ రోజు షిఫ్టు మారినవాడు, నాగా పెట్టినవాడు, పై షిఫ్టు ముగించుకుని బయటపడినవాడు, పని పురమాయించిన సర్దారు, ఇలా ఎవరైనా ఆ భారాన్ని మోయవచ్చు. తప్పు లేకపోయినా తన చేయి పడిన చోట మనిషికి కలిగే ఈ ప్రత్యేక బాధను బ్రిటిష్ తత్వవేత్త బెర్నార్డ్ విలియమ్స్ గుర్తించాడు. ఏ తప్పూ లేకుండానే తన లారీ కింద పిల్లవాడు పడిన డ్రైవరు ఆయన ఇచ్చిన ఉదాహరణ. ‘నీ తప్పేమీ లేదు’ అని మనం అతణ్ణి ఓదారుస్తాం, ఓదార్చాలి కూడా. అయితే అతను వెంటనే ‘నిజమే’ అని మామూలుగా లేచివెళితే మనకే ఏదో వెలితిగా తోస్తుంది. దీన్ని తెలుగులో ‘కర్తృపరితాపం’ అనవచ్చు.

ఈ పరితాపాన్ని ‘వదిలేయండి, ముందుకు సాగండి’ అనే ఉపదేశం తాకలేదు. దీనికి మన సాహిత్యంలో మంచి దృష్టాంతం మహాభారతంలోని ధర్మరాజు. యుద్ధం ముగిసి తర్పణాలు విడిచే వేళ కర్ణుడు తన తొలి కొడుకని కుంతి చెబుతుంది. ధర్మరాజు అన్నను చంపించాడు. కాని అన్న అని తెలియక చంపించాడు. రాజ్యం వద్దు, అడవికి పోతానంటాడు. తమ్ముళ్లు, ద్రౌపది, వ్యాసుడు, కృష్ణుడు అతణ్ణి ఆ నిర్వేదం నుంచి మళ్లించడానికి పూనుకుంటారు. చివరికి అంపశయ్య మీది భీష్ముడి దగ్గర రాజధర్మం వింటాడు. తిక్కన చేతిలో తెలుగైన శాంతిపర్వం వెనుక ఉన్న ప్రేరణ ఒక మనిషి వగపే. ఆ వగపు వైరాగ్యం వైపు పోకుండా పాలనాధర్మం వైపు మళ్లింది.

ఇందులో మరో సూక్ష్మం ఉంది. ధర్మరాజు వగపులో కొంత భాగం తాను చేసినదానికి, కొంత భాగం తనకు చెప్పకుండా దాచినదానికి. సమాచారం అందరికీ అంది ఉంటే నిర్ణయం వేరుగా ఉండేది. గని భద్రతాసూత్రాల సారం కూడా ఇదే. నీరు నిలిచిన పాత పనితలాలకు 60 మీటర్ల లోపు అనుమతి లేకుండా తవ్వరాదని 1957 బొగ్గుగనుల నిబంధనలు చెప్పాయి. పాత పనితలాల పటాలు సరిగ్గా ఉండాలి, ముందుగా బోరు వేసి చూడాలి. ఈ నిబంధనల స్థానంలో 2017లో కొత్తవి వచ్చాయి. 1975 డిసెంబరు 27న చాస్‌నాలా గనిలో నీరు ముంచుకొచ్చి 375 మంది మరణించిన దుర్ఘటన వంటివి ఈ జాగ్రత్తల అవసరాన్ని దేశానికి గుర్తుచేశాయి. నిబంధన అనేది ఒక సంస్థ పడే పశ్చాత్తాపానికి రాతరూపం. మనిషి వగపు కన్నీరుగా మారుతుంది. సంస్థ వగపు నిబంధనగా మారి, అమలు కావాలి. అమలుకాని నిబంధన ఉన్నచోట సంస్థ పడాల్సిన వగపును కార్మికుడు పడతాడు.

7. సాహిత్యం, సినిమా ఈ వగపును ఏం చేశాయి?

అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి, పి. చందు మొదలైన రచయితలు ఈ ప్రాంతపు శ్రామిక జీవితాన్ని కథగా, నవలగా మలిచారు. ఉద్యమ కాలపు రచనల సాధారణ ధోరణిని రసపరిభాషలో చెప్పాలంటే, అవి విషాదాన్ని అమర్షం వైపు నడిపించాయి. అమర్షం, అంటే అవమానాన్ని సహించని భావం, భరతుని సంచారిభావాల్లో ఒకటి. కార్మికుడి గోసకు కారణం అతని నొసటి రాత కాదని, దానికి కర్తలున్నారని చెప్పడం ఈ సాహిత్యం చేసిన గొప్ప పని. ‘గోస’ అనే మాటలో అస్పష్టంగా ఉన్న కర్తను అది బయటికి లాగింది.

అయితే ఈ మార్గానికీ ఒక పరిమితి ఉంది. వగపును పూర్తిగా ఆగ్రహంగా మార్చితే, మనిషి నిజంగా తాను చేసిన పొరపాట్ల గురించి మాట్లాడే చోటు తగ్గుతుంది. ఇంట్లో భార్యతో మాట్లాడని మాట, తాగుడుకు పోయిన జీతం, కూతురి చదువు ఆపించిన నిర్ణయం వర్గ పోరాటపు కథలో పక్కకు జరిగే ప్రమాదం ఉంది.

2023 మార్చిలో విడుదలైన శ్రీకాంత్ ఓదెల చిత్రం ‘దసరా’ బొగ్గుగనుల ప్రాంతంలోని వీర్లపల్లి నేపథ్యంగా నడుస్తుంది. కథానాయకుడు ధరణి తాను ప్రేమించిన వెన్నెలకు ఆ మాట చెప్పడు. స్నేహితుడు సూరి కూడా ఆమెనే ప్రేమిస్తున్నాడని తెలిసి పక్కకు తప్పుకుంటాడు. వేర్ జాబితాలోని మూడో పశ్చాత్తాపానికి ఇది అచ్చమైన కథారూపం. కాని చిత్రం ఆ చెప్పని మాటను వగపుగా నిలవనివ్వదు. దాన్ని మొదట స్నేహత్యాగంగానూ, సూరి హత్య తరువాత ప్రతీకారంగానూ మారుస్తుంది. వెన్నెల అభిప్రాయం ఏమిటన్న ప్రశ్న ఈ రెండు మార్పుల మధ్య చిక్కిపోతుంది. ప్రేక్షకుడికి బొగ్గు కనిపిస్తుంది, రైలు నుంచి దొంగిలించే సాహసం కనిపిస్తుంది, మద్యం చుట్టూ తిరిగే ఊరి రాజకీయం కనిపిస్తుంది. కాని ఆ బొగ్గును పైకి తెచ్చే షిఫ్టు జీవితం కథను నడిపే శక్తిగా ముందుకు రాదు. బొగ్గు రంగు మిగిలి, బొగ్గుపని వెనక్కుపోయింది.

వ్యక్తిత్వ వికాస రచన వగపును నిర్వేదం గుండా శాంతానికి, ఉద్యమ రచన అమర్షానికి, వాణిజ్య చిత్రం ప్రతీకారానికి చేర్చాయి. మూడూ వితర్కం దగ్గర తగినంతసేపు ఆగలేదు. ఇలా కాక మరెలా జరిగి ఉండేది, అది ఎవరి చేతిలో ఉండేది అని నింపాదిగా అడిగే దశ అది.

8. మూడు ప్రశ్నలు

పై పరిశీలన ఆధారంగా, ఒక వగపును అర్థం చేసుకోవడానికి మూడు ప్రశ్నలను ప్రతిపాదించవచ్చు. ఆనాడు నాకు వేరే దారి ఉందా? ఆనాడు నాకు తెలిసినది ఎంత? ఇప్పుడు దాన్ని సరిదిద్దగలిగినది ఎవరు?

దారి ఉండి, విషయం తెలిసి చేసినదైతే అది తప్పు. దానికి పశ్చాత్తాపం సరైన పేరు. క్షమాపణ, దిద్దుబాటు దాని మందు. దారి ఉన్నా తెలియక జరిగినదైతే, లేదా ఎవరి చేతిలోనూ లేనిదైతే అది నష్టం. దానికి దుఃఖం, స్మరణ, తోడు కావాలి. ఆత్మనింద అక్కడ అనవసరపు భారం. దారిని ఇతరులు మూసి ఉంటే, తెలియాల్సినదాన్ని దాచి ఉంటే అది అన్యాయం. దానికి ప్రశ్న, ఫిర్యాదు, సంఘం, చట్టం కావాలి. ఒకే బాధలో ఈ మూడూ కలిసి ఉండటం మామూలే. విడదీయడం కష్టమైనా, విడదీసే ప్రయత్నమే మనాదిని పలచబరుస్తుంది.

ఈ విభజన మనిషికి తప్పించుకునే సాకు ఇస్తుందన్న ఆక్షేపణ రావచ్చు. తాగుడునూ, ఇంట్లోని దురుసుతనాన్నీ ‘వ్యవస్థ’ ఖాతాలో వేయడం సులువు కదా అని అడగవచ్చు. ఆక్షేపణలో బలం ఉంది. దానికి సమాధానం మొదటి ప్రశ్నలోనే ఉంది. షిఫ్టు వేళను కార్మికుడు నిర్ణయించలేడు. షిఫ్టు దిగి ఇంటికి వచ్చాక పలకరించే మాటను నిర్ణయించగలడు. అలసట కారణాన్ని చెబుతుంది కాని బాధ్యతను కొట్టివేయదు. తనది కాని భారాన్ని దించుకున్న మనిషికే తనదైన తప్పును చూసే తెరిపి దొరుకుతుంది. ప్రతిదానికీ తనను నిందించుకునేవాడు చివరికి దేన్నీ దిద్దుకోలేడు. ఈ రకంగా చూసినప్పుడు వేర్ జాబితాలోని స్నేహం, మనసు విప్పడం అనే రెండు అంశాలు గని ప్రాంతంలోనూ పూర్తిగా వర్తిస్తాయి. పాత దోస్తును కలవడానికి, భార్యకు బాగోగులు చెప్పడానికి ఏ యాజమాన్యం అనుమతీ అక్కరలేదు.

ఈ విభజనకు పరిశోధనపరమైన ప్రయోజనం కూడా ఉంది. విశ్రాంత గని కార్మికుల మౌఖిక కథనాలను సేకరించే విద్యార్థులు ‘మీకు జీవితంలో పశ్చాత్తాపాలు ఉన్నాయా’ అనే ప్రశ్నతో మొదలుపెడితే, ఆ ప్రశ్నే తప్పును ముందుగా నిర్ణయించేస్తుంది. గౌరవం కలిగిన మనిషి ‘ఏం లేవు’ అంటాడు, లేదా అన్నీ తనమీద వేసుకుంటాడు. దాని బదులు ‘అప్పుడు వేరే తొవ్వ ఉండెనా’, ‘మీకు ఎవరన్న చెప్పిన్రా’, ‘ఇప్పుడు ఎవలు ఏం చేస్తే బాగుంటది’ అని వారి భాషలో అడిగితే గోస, రంది, మనాది వేర్వేరుగా బయటికి వస్తాయి. భూగర్భ గనుల్లో పనిచేసిన తరం వయసు మళ్లుతున్నది. ఓపెన్ కాస్టు మట్టిగుట్టల పక్కన పెరిగిన నేటి విద్యార్థుల్లో చాలామందికి బాయి లోపలి జీవితం వినికిడి మాత్రమే. అడిగే తీరు మార్చుకోవడానికి మిగిలిన వ్యవధి ఎక్కువ లేదు.

9. ముగింపు

పశ్చాత్తాపం తక్కువగా బతకడమనే ఆకాంక్ష సార్వత్రికమే. దాన్ని చేరే దారి మాత్రం అందరికీ ఒకటి కాదు. ఎంపికలు పుష్కలంగా ఉన్న జీవితంలో పుట్టిన జాబితా, ఒకే కొలువు చుట్టూ ఒక కుటుంబం తిరిగిన జీవితానికి పూర్తి అద్దం కాలేదు. తెలంగాణ తెలుగు ఈ తేడాను ముందే గుర్తించి వేర్వేరు మాటలు తయారుచేసుకుంది. విమర్శ ఆ మాటల వెంట నడిస్తే చాలు. ‘దసరా’ వంటి చిత్రాన్నైనా, గని కథనైనా, విశ్రాంత కార్మికుని మాటనైనా చదివేటప్పుడు అందులోని వగపు తప్పుదా, నష్టానిదా, అన్యాయానిదా అని అడగడం విమర్శకుడి బాధ్యత. గోదావరిఖనిలో పదవీ విరమణ సన్మానసభ శాలువాతోనూ, ఆరోగ్యంగా ఉండండన్న దీవెనతోనూ ముగుస్తుంది. ఆ మనిషి ఇంటికి మోసుకెళ్లే బరువులో అతనిది ఎంత, సంస్థది ఎంత, సమాజానిది ఎంత అన్నది లెక్కకట్టే పని సాహిత్య విద్యార్థికి ఇంకా మిగిలే ఉంది.